అత్తగారి గొడుగుకు అల్లుడి సంజాయిషీ

గొడుగన్నాక వానలో తెరుచుకోవాలి, ఎండలో తెరుచుకోవాలి, మిగతా వేళల్లో నోరు మూసుకుని మూల నిలబడాలి. ఈ కథలో గొడుగు మాత్రం లిఫ్టులో తెరుచుకుంది. అదీ ఆసుపత్రి లిఫ్టులో. అదీ అగ్గిపెట్టెలో పుల్లల్లా జనం ఇరుక్కుని నిలబడ్డ వేళ.

అది బటన్ గొడుగు. బటన్ ఎవరూ నొక్కలేదు. దానికే ఏం బుద్ధి పుట్టిందో, ఠప్పుమని విచ్చుకుంది. ఒక ఊచ డాక్టరుగారి విగ్గును ఎత్తుకుపోయి లిఫ్టు పైకప్పుకు తగిలించింది. ఇంకో ఊచ ఎవరిదో కళ్లజోడు లాగి పక్కావిడ జడలో దోపింది. తలుపులు తెరుచుకునేసరికి జనమంతా గోడలకు సినిమా పోస్టర్లలా అతుక్కుపోయి ఉన్నారు. నడుమ ఒక పెద్దావిడ రెండు చేతులా గొడుగు పిడి పట్టుకుని, తనొక్కత్తే వానలో ఉన్నట్టు నిలబడి ఉంది. బయట లిఫ్టు కోసం చూస్తున్నవాళ్లెవరో వీడియో తీశారు. ఆవిడ కెమెరా వైపు చూసి ఒక్కటే మాట అంది.

"నేనేం చెయ్యలేదు బాబూ. అంతా ఇదే చేసింది."

సాయంత్రానికి ఆ మాట లోకంలో అందరి నోటా నానింది. పరీక్ష తప్పిన పిల్లలు కలాన్ని చూపించి అదే మాట, పాలు పొంగబెట్టిన మొగుళ్లు పొయ్యిని చూపించి అదే మాట.

ఆ పెద్దావిడ మోకాళ్ల వైద్యం కోసం కూతురింటికి వచ్చింది. సందు చివర కొట్లో గొడుగును తనే ఏరి కోరి కొనుక్కుంది. ఇక ఆ కూతురి మొగుడు ఎక్కడ పనిచేస్తాడయ్యా అంటే, సరిగ్గా ఆ గొడుగుల కంపెనీలోనే. ఏం పనయ్యా అంటే, ఫేసుబుక్కులో గానీ మరోచోట గానీ కంపెనీని ఎవరైనా తిడితే కంపెనీ తరఫున జవాబు రాయడం. అందుకే ఆఫీసులో అతని అసలు పేరు అందరూ మర్చిపోయారు. 'జవాబు' అనే పిలుస్తారు.

ఈ సంగతి అత్తగారికి తెలీదు. సంబంధం మాట్లాడుకునే రోజుల్లో జవాబు బాబాయి, "మావాడు పెద్ద కంపెనీలో ఆఫీసరండీ" అని చెప్పి, ఏం కంపెనీ అని అడిగేసరికి పొలమారినట్టు దగ్గాడు. గొడుగులంటే పిల్లనివ్వరేమోనని ఆయన భయం. పెళ్లయ్యాక చెబుదాంలే అనుకున్నారు. పెళ్లయ్యాక, పిల్ల పుట్టాక చెబుదాంలే అనుకున్నారు. పిల్ల బడికి కూడా పోతోంది, ఆ దగ్గు మాత్రం ఇంకా తెరిపివ్వలేదు.

మర్నాడు ఆఫీసులో చైర్మన్‌గారు అగ్గి మీద గుగ్గిలంలా ఉన్నారు. పక్కన ఆయన బావమరిది, కంపెనీ లాయరు, ఎర్ర సిరా కలం మూత తీసుకుని సిద్ధంగా ఉన్నాడు. ఈ కంపెనీ పద్ధతి అది. జవాబు ఏం రాసినా ముందు లాయరుగారి ఎర్ర కలం కింద పడాలి.

జవాబు రాసింది ఇది: 'అమ్మా, మా గొడుగు వల్ల మీకు ఇబ్బంది కలిగినందుకు క్షమించండి. పొరపాటు సరిదిద్దుకుంటాం.'

"క్షమించండి అంటే తప్పు చేశామని ఒప్పుకున్నట్టేగా?" అని లాయరు ఆ మాట కొట్టేశాడు. "పొరపాటు అంటే ఉందని తెలిసినట్టేగా?" అదీ కొట్టేశాడు. "ఇబ్బంది అని మనమే చెప్పడమేంటయ్యా, నీకేమన్నా పిచ్చా? ఆవిడకి సరదాగా ఉందేమో!" అదీ పోయింది. చివరికి కాగితం మీద 'అమ్మా', 'గొడుగు' అనే రెండు మాటలే మిగిలాయి. వాటి చుట్టూ లాయరే తన చేత్తో నాలుగు ముక్కలు అల్లాడు.

'అమ్మా, తమ గొడుగు తెరుచుకున్న విషయం మా దృష్టికి వచ్చింది. తెరుచుకోవడం గొడుగు సహజ లక్షణమని మనవి.'

అది అలా బయట పడిందో లేదో, జనం కందిరీగల్లా లేచారు. 'కరవడం కుక్క సహజ లక్షణమని మనవి, ఇట్లు కుక్కగలాయన' అని ఒకడు. 'లిఫ్టులో వాన పడదని మీకు రాసిచ్చారా అమ్మా?' అని ఇంకొకడు.

మంటార్పడానికి చైర్మన్‌గారికి ఒక ఉపాయం తట్టింది. కంపెనీలో పనిచేసే వాళ్లంతా బయటి మనుషుల్లా నటించి గొడుగును పొగుడుతూ రాయాలన్నారు. అందరికీ రాయడం రాదు కనుక జవాబు ఒక నమూనా రాసి పంపాడు. భోజనాల వేళకు అందరూ భక్తిగా పెట్టారు. ఎంత భక్తంటే, పైన జవాబు రాసిన 'కింది మాటలు మీ సొంత మాటల్లా పెట్టగలరు' అనే ముక్కతో సహా పెట్టారు. వాచ్‌మన్ ఒక్కడే సొంత తెలివి కలిపి, 'ఈ గొడుగు కొన్నాక నా మోకాళ్ల నొప్పులు తగ్గాయి' అని రాశాడు.

"మోకాళ్లకీ గొడుక్కీ ఏంట్రా సంబంధం?" అని చైర్మన్ అరిచారు.

"ఆవిడకి మోకాళ్ల నొప్పులంట కదండీ, ఆశపడుద్దేమోనని," అన్నాడు వాచ్‌మన్.

చైర్మన్‌గారు జవాబు వైపు తిరిగి వేలు చూపించారు. "ఏవయ్యా జవాబూ, ఈ వారంలోగా ఆ పెద్దావిడ చల్లబడాలి. ఎలా చల్లబరుస్తావో నాకు తెలీదు. లేదూ, వచ్చే వారం నీ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు."

జవాబు ఆ సాయంత్రం దారంతా మాటలు కూడబలుక్కుంటూ ఇంటికి వెళ్లాడు. చెప్పేద్దాం, కాళ్ల మీద పడదాం, అత్తయ్యే కదా అనుకున్నాడు. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టేసరికి అత్తగారు కుర్చీలో కాళ్లు చాపుకుని, మోకాళ్ల మీద వేడినీళ్ల సంచీ పెట్టుకుని, ఫోను కళ్లకు దూరంగా పట్టుకుని చదువుతోంది.

"విన్నారా అల్లుడుగారూ? తెరుచుకోవడం గొడుగు లక్షణమంట! ఈ జవాబు రాసినవాడెవడో గానీ, వాడికి పిల్లనిచ్చిన అత్త ఎవరో గానీ, ఆవిణ్ణి తలుచుకుంటే నాకు జాలేస్తోంది. ఏం పాపం చేసుకుందో మహాతల్లి!"

వంటింటి గుమ్మంలో జవాబు భార్య పైట కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. ఆవిడ భుజాలు ఊగుతున్నాయి. ఏడుపు మాత్రం కాదు.

"మీరు చదువుకున్నవాళ్లు, ఆఫీసరు. నాకేమో కళ్లు ఆనవు, వేళ్లు తిరగవు," అంది అత్తగారు. "వీడికి గట్టిగా నాలుగు తగిలించి రాసిపెట్టండి. నా పేరున పెడదాం."

సరే, ఇదీ మంచిదే, మెత్తగా రాసి గొడవ చల్లార్చేద్దామని జవాబు కూర్చున్నాడు. 'మాన్యులైన గొడుగుల కంపెనీ వారికి, తమ గొడుగు కాస్త చురుకైనదని తెలుపుటకు సంతోషిస్తూ...' అని మొదలుపెట్టి చదివి వినిపించాడు.

అత్తగారు కళ్లజోడు తీసి చూసింది. "ఇది తిట్టా, పెళ్లి శుభలేఖా? ఇక బంధుమిత్ర సపరివారంగా రమ్మనడం ఒక్కటే తక్కువ. మీకు కోపం రాదా అల్లుడుగారూ? మీ అత్తని ఊరంతా చూసి నవ్వితే మీకు చీమ కుట్టినట్టయినా లేదా?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. జవాబుకు కోపం లేకపోవడమేమిటి, బోలెడుంది. కాకపోతే అంతా ఎర్ర కలం కింద పడి నలిగి ఉంది. ఎన్నేళ్ల నుంచో అతను రాసిన ఏ మాటా పూర్తిగా బయటికి రాలేదు. వేళ్లు వాటంతటవే కదిలాయి.

'మీ జవాబు చదివాను. ఇల్లు తగలబడితే, కాలడం కట్టె లక్షణమని చెప్పే బాపతు మీరు. మీ స్ప్రింగుకు ఓపిక లేదు. మబ్బు కనబడక్కర్లేదు, మబ్బు మాటెత్తితే చాలు, ఎగిరి గంతేస్తుంది. పోనీ, మీ గొడుగే నయం, అది అడక్కుండానే తెరుచుకుంది. తప్పయిందని చెప్పడానికి మీ నోరు తెరుచుకోవాలంటే ఏ బటన్ నొక్కాలో కాస్త చెప్పండి.'

"అదీ!" అని అత్తగారు వేడినీళ్ల సంచీ మీద ఒక్కటి చరిచింది. "మీలో ఇంత విషయముందని నాకు తెలీదు సుమండీ!"

పెట్టేశారు. అన్నాలు తినేలోగా లైకులు వానాకాలం పుట్టగొడుగుల్లా లేచాయి. 'అమ్మా, మీ కాళ్లకు దండం', 'అమ్మా, మీరు పుస్తకం రాయాలి'. జవాబు కంచం ముందు కూర్చుని అవన్నీ దొంగచాటుగా చదువుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి అతని రాతను మెచ్చుకున్నవాడు లేడు మరి. ముద్ద నోట్లో పెట్టుకుంటూ, తనలో తను నవ్వుకుంటూ ఇంకో ముద్ద నీళ్ల గ్లాసులో ముంచాడు.

"సంబరం చాల్లెండి," అని భార్య చెవిలో గొణిగింది. "పగలు వాళ్ల తరఫున మా అమ్మని బుజ్జగిస్తారు, రాత్రి మా అమ్మ తరఫున వాళ్లని దులిపేస్తారు. ఉద్యోగం ఊడితే మా అమ్మకి ఏం చెబుతారు, గొడుగు లక్షణమని మనవి అంటారా?"

ఆమె మాట నిజమే. రేపటి నుంచి మానేద్దామనుకున్నాడు. మర్నాడు సాయంత్రం అత్తగారు కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి, మంచినీళ్లు పెట్టి, "రండి రండి, జనం ఎదురుచూస్తున్నారు" అంది. వ్యసనమన్నాక మానడం అంత తేలికా?

ఆఫీసులో చైర్మన్‌గారు ఆ పోస్టులన్నీ పైకి చదివించుకుని విని, కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

"మన స్ప్రింగుకి ఓపిక లేదని బయటివాడికెలా తెలిసిందయ్యా? ఇది ఆ పెద్దావిడ రాత కాదు, ఆవిడకి రాసిపెట్టేవాడు మామూలోడు కాదు. ఏం రాస్తున్నాడు! చదువుతుంటే నాకే నన్ను తిట్టుకోవాలనిపిస్తోంది. జవాబూ, వాడెవడో కనుక్కో."

"వెతుకుతానండీ," అన్నాడు జవాబు, తన వీపు తనే చూసుకోబోయేవాడిలా మెడ తిప్పుతూ.

"వెతుకులాట తర్వాత. ముందు మనమే ఆవిడ ఇంటికి వెళ్దాం. పెద్ద పెద్ద కంపెనీలన్నీ అదే చేస్తున్నాయి. కొత్త గొడుగు చేతిలో పెట్టి, నమస్కారం పెట్టి, అదంతా లైవ్‌లో చూపిద్దాం. రావచ్చా అని మెసేజ్ పెట్టు, ఇప్పుడే, నా ఎదురుగానే."

జవాబు కంపెనీ పేరున తన అత్తగారికి తనే మెసేజ్ పెట్టాడు. ఆవిడ క్షణంలో 'రండి, కుర్చీలున్నాయి' అని అడ్రసు పంపింది. తన ఇంటి అడ్రసు తనకే వచ్చింది. చైర్మన్ దాన్ని వంగి చూసి, "ఈ పేట నీకు తెలుసా?" అన్నారు. "కొంచెం తెలుసండీ" అన్నాడు జవాబు.

వరండాలోకి వెళ్లి భార్యకు ఫోను చేశాడు. "మీ అమ్మని ఎక్కడికైనా తీసుకెళ్లు. ఆసుపత్రికి, గుడికి, ఎక్కడికైనా!"

"ఎక్కడికి తీసుకెళ్లను? జుట్టుకి రంగేసుకుని, నా మంచి చీర కట్టుకుని కూర్చుంది. పక్కింటివాళ్లని కూడా పిలిచింది. మీరు జ్వరమని చెప్పి ఆగిపోండి."

జ్వరమని చెప్పాడు. చైర్మన్ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "చల్లగా ఉన్నావు, భయమే తప్ప ఏం లేదు, పద," అని కారులో వేసుకున్నారు. తలా ఒక పని పంచారు. చైర్మన్ నమస్కారం పెడతారు, లాయరు ఎవరూ తప్పు ఒప్పుకోకుండా కాపలా కాస్తాడు, జవాబు ఫోనుతో లైవ్ తీస్తాడు.

తలుపు భార్యే తీసింది. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకు ముందు నోరు, వెనక బుద్ధి.

"ఏవండీ, భోజనానికి రాలేదేం..." అనేసి, నాలిక్కరుచుకుని, చైర్మన్ వైపు తిరిగి పూర్తిచేసింది. "...చైర్మన్‌గారూ?"

"పరవాలేదమ్మా, తినే వచ్చాను," అన్నారు చైర్మన్, ఆ మర్యాదకు కరిగిపోయి.

లోపల అత్తగారు నడికుర్చీలో, కొత్త పెళ్లికూతురి కన్నా నిటారుగా కూర్చుంది. చైర్మన్ను చూసింది, లాయరును చూసింది. తర్వాత ఫోను పట్టుకున్నవాణ్ణి చూసింది. పాదాల దగ్గర మొదలుపెట్టి తలదాకా వెళ్లి, మళ్లీ తల నుంచి పాదాలదాకా వచ్చింది. ఫోనులో జనం చీమల బారులా వచ్చి చేరుతున్నారు.

"ముందు ఒక మాట," అంది అత్తగారు. "తెరుచుకోవడం గొడుగు లక్షణమని నాకు జవాబు రాసిన మహానుభావుణ్ణి చూడాలి. వచ్చాడా?"

చైర్మన్ జవాబు భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోశారు. "ఇతనేనమ్మా! మా కంపెనీలో జవాబులన్నీ ఇతనివే."

పక్కింటావిడ నోరు తెరవబోయింది. అత్తగారు చెయ్యెత్తింది. ఆ నోరు అలాగే ఆగిపోయింది.

"ఇలా రా బాబూ," అంది అత్తగారు. పెళ్లయినప్పటి నుంచి 'మీరు' తప్ప ఎరగని మనిషి అలా పిలవగానే జవాబు ఫోను పట్టుకునే రెండడుగులు ముందుకు వేశాడు. "చూస్తే మంచి ఇంటి బిడ్డలా ఉన్నావు. పెళ్లయిందా?"

"అయిందండీ."

"అత్త ఉందా?"

"ఉందండీ. చాలా మంచి మనిషండీ."

"నీ పొగడ్త నేనడగలేదు. నువ్విలాంటి ఉద్యోగం చేస్తున్నావని ఆవిడకి తెలుసా?"

"ఇప్పుడే తెలిసిందండీ."

"ఊఁ. ఆవిడ ఏమంది?"

"ఇంకా ఏమీ అనలేదండీ. అదే భయంగా ఉంది."

"అంటుందిలే. తీరిగ్గా అంటుంది," అంది అత్తగారు.

లాయరుకు ఈ కుటుంబ విచారణ నచ్చలేదు. "అమ్మా, విషయానికొద్దాం," అని కొత్త గొడుగు తీసి చైర్మన్ చేతికిచ్చాడు. చైర్మన్ కెమెరా వైపు నిండుగా నవ్వి, "ఇదిగో తల్లీ, పూర్తిగా సరిచేసిన గొడుగు. ఇక దానంతటది తెరుచుకోదు. చూడండి!" అంటూ బటన్ నొక్కారు.

తెరుచుకోలేదు.

ఇంకోసారి నొక్కారు. రెండు బొటనవేళ్లతో నొక్కారు. పాత గొడుగు పరువు తీసిందని ఫ్యాక్టరీలో భయపడి కొత్తదానికి స్ప్రింగు ఎంత బిగించారంటే, ఇక అది ప్రళయానికి కూడా తెరుచుకునేలా లేదు. చైర్మన్ దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని నొక్కారు. లాయరు వచ్చి రెండో కొస పట్టుకుని లాగాడు. బావా బావమరుదులిద్దరూ చెరో పక్క పట్టుకుని, మంచం కింద దూరిన పిల్లిని లాగినట్టు గదంతా తిరిగారు. గొడుగు మాత్రం అత్తగారింట్లో కొత్తల్లుడిలా బిగుసుకునే ఉంది.

"పోనీ, వాన వెలిసేలోగా తెరుచుకుంటుందా బాబూ?" అంది అత్తగారు.

చెమటలు కక్కుతూ చైర్మన్ కుర్చీలో కూలబడ్డారు. ముఖం తుడుచుకున్నారు. నిస్సత్తువలో మనిషికి అబద్ధం గుర్తుకు రాదు.

"తప్పయిపోయింది తల్లీ," అన్నారు. "అదీ మా తప్పే, ఇదీ మా తప్పే."

"బావా!" అని లాయరు ఆయన నోరు మూయబోయాడు. ఆయన ఆ చేతిని ఈగను తోలినట్టు తోలేశారు. ఫోను తెర మీద ఎర్ర గుండెలు గలగలా ఎగిరాయి. జవాబు చూసి ఆశ్చర్యపోయాడు. ఇన్నాళ్లూ ఎర్ర కలం కొట్టేసింది ఈ ఒక్క మాటనే.

అత్తగారు తల పంకించింది. "ఈ ముక్క ఆ రోజే అనుంటే నేను ఒక్క ముక్క కూడా రాయించేదాన్ని కాదు. సర్లెండి, కోపం పోయింది."

"ఒక్క మాట తల్లీ," అని చైర్మన్ ముందుకు వంగారు. "మీకు ఆ పోస్టులు రాసిపెట్టింది ఎవరు? ఆ చెయ్యి నాకు కావాలి. ఇదిగో, ఇతనున్నాడు చూశారా, ఒక్క జవాబు సరిగ్గా రాయడు, ఇతన్ని ఈ క్షణమే తీసేస్తున్నా. ఆయన్ని పెట్టుకుంటా."

ఫోను జవాబు చేతిలో ఊగింది. లోకానికి కాసేపు పైకప్పు కనిపించింది.

అత్తగారు తీరిగ్గా పైట సర్దుకుంది. "రాసింది మా అల్లుడు. పెద్ద ఆఫీసరు. ఊరికే వస్తాడా? మీ నోరే మూయబోయిన ఈ బావమరిది, వాడు రాసింది దిద్దకూడదు."

"దిద్దడు."

"బావా!" అన్నాడు లాయరు.

"దిద్దవు," అన్నారు చైర్మన్.

"తప్పుంటే తప్పని రాస్తాడు. రాసినందుకు మీరు వాడి మీద కళ్లెర్ర చెయ్యకూడదు."

"ఇంతమంది చూస్తుండగా మాటిస్తున్నా తల్లీ. ఆయన్ని పిలవండి!"

"పిలవడమెందుకు? ఏవమ్మా, ఆ ఫోను నువ్వందుకో," అని కూతురికి చెప్పి, అల్లుడికి పక్క కుర్చీ చూపించింది. "మీరు ఇలా వచ్చి కూర్చోండి అల్లుడుగారూ."

జవాబు వచ్చి కూర్చున్నాడు. చైర్మన్ నోరు, పక్కింటావిడ నోరు ఒకేలా తెరుచుకున్నాయి.

"ఇతనా? ఇతన్ని ఇప్పుడేగా తీసేశాను!"

"తీసేశారు కాబట్టేగా ఖాళీగా ఉన్నాడు," అంది అత్తగారు.

లాయరు ఇది చెల్లదనబోయాడు. చైర్మన్ మొదట తెల్లబోయి, తర్వాత బొజ్జ ఊగేలా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి, దగ్గి, మంచినీళ్లు అడిగి తాగారు. ఈలోగా ఫోను పట్టుకున్న కూతురు తెర మీద వచ్చినదాన్ని పైకి చదివింది. "ఎవరో అడుగుతున్నారండీ, ఇంతకీ ఆ కొత్త గొడుగు కొనొచ్చా అని."

జవాబు చైర్మన్ వైపు చూశాడు. చైర్మన్ గొడుగు వైపు చూశారు. లాయరు అలవాటుగా జేబులోంచి ఎర్ర కలం తీశాడు. అత్తగారు చెయ్యి చాపి, దాన్ని చిన్నపిల్లల దగ్గర బలపం లాక్కున్నట్టు తీసుకుని తన కుర్చీ కింద పడేసింది.

జవాబు లేచి, భార్య చేతిలోంచి ఫోను తీసుకుని రాశాడు.

'కొనకండి. అది తెరుచుకోవడం లేదు. బాగు చేశాక మేమే చెబుతాం.'

చైర్మన్‌గారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. మాటిచ్చినవాడు కనుక నోరు మెదపలేదు. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, ఫోను తన దూరానికి జరుపుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

"బావుంది," అంది. "వీళ్లని పంపించేసి లోపలికి రండి అల్లుడుగారూ. మీ ఆఫీసరుద్యోగం గురించి మనం తీరిగ్గా మాట్లాడుకోవాలి."